నోటీసులో మొత్తం ఉంటుంది, లెక్క ఉండదు

ఇంటి పన్ను డిమాండ్ నోటీసులో ఏముంటుంది? అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, యజమాని పేరు, ఆరు నెలల డిమాండ్, పాత బకాయి, దాని మీద వడ్డీ, చివర కట్టాల్సిన మొత్తం. ఆ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వరస ఒక్కటీ ఉండదు. ఇంటిని ఎన్ని చదరపు అడుగులుగా రాసుకున్నారో, ఏ జోన్ రేటు వేశారో, ఎన్నేళ్ల ఇల్లుగా లెక్కగట్టారో తెలియదు. పన్ను ఒక్కసారిగా పెరిగినప్పుడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే ‘సిస్టమ్‌లో అంతే వస్తోందండీ’ అంటారు. సిస్టమ్‌లోకి ఆ అంకెల్ని ఎవరో ఎక్కించారు, వాళ్లు ఒక కాగితం చూసి ఎక్కించారు. మనం అడగాల్సింది ఆ కాగితాన్ని.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అసెస్‌మెంట్ రికార్డు, అంటే పన్ను మదింపు చేసిన కాగితాలు, ఆఫీసు సొంత ఆస్తి కాదు, రహస్యమూ కాదు. పన్ను కట్టేవాళ్లు చూసి సరిచూసుకోవడానికే చట్టం దాన్ని రాయించింది. చూపించకుండా పన్ను మాత్రం వసూలు చేయడం అన్యాయం.

లెక్కను ఒకసారి దగ్గరగా చూద్దాం. హైదరాబాద్‌లో నివాస గృహానికి పన్ను అద్దె విలువ మీద కడతారు. 1,000 చదరపు అడుగుల ఫ్లాటు ఉందనుకోండి. ఆ ప్రాంతానికి చదరపు అడుగుకు నెలకు 1.25 రూపాయల రేటు ఉందని ఉదాహరణకు అనుకుందాం. నెల అద్దె విలువ 1,250, ఏడాదికి 15,000. అందులో తరుగు కింద 10 శాతం, అంటే 1,500 తీసేస్తే 13,500. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటిన ఇంటికి 30 శాతం పన్ను కాబట్టి 4,050. దాని మీద గ్రంథాలయ సెస్సు 8 శాతం, 324. మొత్తం 4,374 రూపాయలు. ఇదే ఫ్లాటును 1,200 చదరపు అడుగులని రాసుకుంటే 5,248 దాటుతుంది. తేడా ఏడాదికి దాదాపు 875 రూపాయలు, అదీ ఏటేటా.

ఈ మెట్లన్నీ కలిపి గుణిస్తే, అంటే 12, 0.9, 0.3, 1.08 గుణిస్తే, 3.499 వస్తుంది. వాణిజ్య భవనాలకు విస్తీర్ణాన్నీ రేటునూ నేరుగా 3.5తో హెచ్చవేస్తారే, ఆ 3.5 ఇదే. వాణిజ్యానికి వచ్చే తేడా రేటులో. రోడ్డు వైపు 120 చదరపు అడుగుల గదిని దుకాణంగా రాసి, చదరపు అడుగుకు 20 రూపాయల రేటు వేశారనుకోండి. ఆ గది ఒక్కదానికే 8,400 అవుతుంది. ఇంటి మొత్తం పన్నుకు దాదాపు రెట్టింపు. ఆ దుకాణం మూసేసి అయిదేళ్లయినా, వాడకం గడిలో ‘వాణిజ్యం’ అన్న మాట ఎవరూ మార్చకపోతే పన్ను అలాగే వస్తూ ఉంటుంది. నోటీసు చూసి ఈ సంగతి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చిక్కు ఇంకో రకం. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువలు తీసుకుని, దాని మీద మున్సిపాలిటీ నిర్ణయించిన శాతం వేస్తారు. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదన్న పరిమితి పెట్టారు. దాంతో చాలామంది ‘ఈసారీ 15 శాతం పెరిగింది’ అనుకుని ఊరుకుంటారు. కానీ ఆ 15 శాతం ఒక్కొక్క మెట్టు మాత్రమే. మెట్లెక్కి చేరాల్సిన పూర్తి పన్ను ఎంతో ముందే లెక్కగట్టి పెట్టి ఉంటుంది. స్థలం విస్తీర్ణమో మార్కెట్ విలువో అందులో తప్పు పడితే ఆ తప్పు ఇవాళ కనిపించదు, మూడు నాలుగేళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకని ఆంధ్రప్రదేశ్‌లో అడిగేవాళ్లు ఈ ఏడాది డిమాండ్‌తో సరిపెట్టుకోకుండా, మూలధన విలువ లెక్క కాగితాన్ని పేరు పెట్టి అడగాలి.

తెలంగాణలో హైదరాబాద్ బయటి పురపాలికలకు 2019 చట్టం వర్తిస్తుంది. యజమానే స్వయంగా మదింపు చేసి ప్రకటించాలి. తప్పుడు ప్రకటన అని తేలితే పన్నుకు 25 రెట్లు జరిమానా. అంత కఠినమైన నిబంధన నెత్తిన ఉన్నప్పుడు మీరిచ్చిన ప్రకటన నకలు మీ దగ్గర ఉండి తీరాలి. తర్వాత సిబ్బంది వచ్చి కొలతలు మార్చి ఉంటే, ఆ తనిఖీ నివేదిక కూడా కావాలి.

ఇప్పుడు ఆ రికార్డు చూసే హక్కు సంగతి. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. అంతకు యాభై ఏళ్ల ముందే, 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో అసెస్‌మెంట్ పుస్తకం ఉంది. వార్డులవారీగా ప్రతి ఇంటి వివరాలూ అందులో రాయాలి. అది సిద్ధమయ్యాక ఎక్కడ చూడవచ్చో బహిరంగంగా ప్రకటించాలి. యజమాని తన ఇంటికి సంబంధించిన భాగాన్ని పైసా కట్టకుండా చూసి, రాసుకుని వెళ్లవచ్చు. అంటే బల్ల మీద లావుపాటి పుస్తకం ఉన్న కాలంలో మనిషి వెళ్లి పేజీ తిప్పి చూసుకునేవాడు. ఆ పుస్తకం కంప్యూటర్లోకి వెళ్లాక పేజీ తిప్పే అవకాశం పోయింది. ఆన్‌లైన్‌లో మొత్తం కనిపిస్తుంది, కట్టడానికి బటన్ ఉంటుంది. మొత్తం వెనకున్న వరసలు సిబ్బంది లాగిన్‌లో ఉండిపోయాయి. చట్టం తలుపు తెరిచే ఉంచింది, సాఫ్ట్‌వేర్ తయారు చేయించినవాళ్లు దాన్ని మూశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కాబట్టి సమాచార హక్కు దారి పట్టాలి. ఈ దారిలో ఎక్కువమంది మొదటి అడుగులోనే తప్పు చేస్తారు. ‘నా ఇంటి పన్ను ఎందుకు పెరిగింది? దీనికి బాధ్యులెవరు?’ అని రాస్తారు. ముప్పయ్యో రోజున ‘నిబంధనల ప్రకారం పెంచడమైనది’ అని ఒక్క వాక్యం వస్తుంది. చట్టం ప్రకారం సమాచారం అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు. ఎందుకు, ఎలా అని అడిగితే అభిప్రాయం చెప్పాల్సిన పని, కొత్తగా లెక్క తయారు చేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదు. సుప్రీంకోర్టు 2011లో, సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో, ఈ మాట స్పష్టంగా చెప్పింది. అందుకే ప్రశ్న వేయకూడదు, కాగితం పేరు చెప్పాలి.

దరఖాస్తు ఇలా రాస్తే సరిపోతుంది: ‘ఫలానా అసెస్‌మెంట్ నంబరు, ఫలానా డోర్ నంబరు గల ఇంటికి సంబంధించి, సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(1) కింద కింది రికార్డుల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు. మొదటి మదింపు నాటి కొలతల కాగితం, స్కెచ్‌తో సహా. చివరిసారి పన్ను సవరించినప్పుడు చేసిన లెక్క కాగితం. ఆ సవరణకు జారీ చేసిన స్పెషల్ నోటీసు, అది నాకు అందినట్టు సంతకం ఉన్న కాగితం. ఆ జోన్‌కు వర్తించిన రేట్ల నోటిఫికేషన్. గత అయిదేళ్లకు డిమాండ్, వసూలు, బకాయి రిజిస్టర్‌లో ఈ అసెస్‌మెంట్ వరస. ఈ ఫైలు నోట్ షీట్లు. వీటితోపాటు సెక్షన్ 2(జె) కింద ఫైలును స్వయంగా పరిశీలించే తేదీ, సమయం తెలియజేయగలరు.’ ఎందుకు కావాలో రాయనక్కర్లేదు. సెక్షన్ 6(2) కారణం అడగకూడదనే చెబుతుంది.

ఈ జాబితాలో స్పెషల్ నోటీసు అందినట్టున్న సంతకం చాలా విలువైనది. పన్ను పెంచేటప్పుడు ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. చాలా ఫైళ్లలో నోటీసు కార్బన్ కాపీ ఉంటుంది, అందినట్టు సంతకం ఉండదు. ఉన్నా అది ఇంట్లో ఎవరిదీ కాని సంతకం అయి ఉంటుంది. లెక్కలో తప్పు దొరక్కపోయినా, రివిజన్, అంటే పన్నును తిరిగి పరిశీలించమని, అడగడానికి ఈ ఒక్క లోపం గట్టి ఆధారం.

రుసుము విషయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నియమాలు ఒకే మూలం నుంచి వచ్చాయి. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతా వాటికి 10. నకలు పేజీకి 2 రూపాయలు. పరిశీలనకు మొదటి గంట ఉచితం. తెల్లకార్డు ఉన్నవాళ్లు, అంటే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు, నకలు జతచేస్తే రుసుములేవీ కట్టనక్కర్లేదు. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి, లేదా చేత్తో ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. ముప్పయి రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

ఆఫీసు నుంచి వచ్చే అడ్డంకులు నాలుగైదు రకాలే. ఇరవయ్యెనిమిదో రోజున ‘నకళ్లకు ఇంత కట్టండి’ అని ఉత్తరం వస్తుంది. ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టేదాకా గడువు ఆగిపోతుంది, కాబట్టి వెంటనే కట్టేయాలి. గడువు దాటాక ఆ ఉత్తరం వస్తే మాత్రం కట్టనక్కర్లేదు. ఆలస్యమైతే సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఇది రాతపూర్వకంగా గుర్తుచేయండి.

రెండోది, ‘ఈ సమాచారం మా దగ్గర లేదు, టౌన్ ప్లానింగ్‌ను అడగండి’ అన్న జవాబు. అయిదు రోజుల్లో ఆ విభాగానికి బదిలీ చేసి, చేసినట్టు మీకు తెలపాల్సింది వాళ్లే. మూడోది, ‘చాలా పాతది, వెతకడానికి సిబ్బంది లేరు’ అన్నది. దీనికి సెక్షన్ 7(9) చూపిస్తారు. ఆ సెక్షన్ సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్న దాని గురించే మాట్లాడుతుంది. నకళ్లు తీయడం భారమైతే ఫైలు చూపించాలి, అంతేగాని నిరాకరించడానికి అది ఆధారం కాదు.

నాలుగోది అన్నిటికన్నా మొండిది: ‘ఫైలు దొరకలేదు’. చట్టంలో సమాచారం ఇవ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో దొరకకపోవడం లేదు. 2013లో ఢిల్లీ హైకోర్టు, విశ్వాస్ భాంబుర్కర్ కేసులో, గట్టిగా వెతక్కుండా దొరకలేదని తప్పించుకోవడానికి వీల్లేదనీ, నిజంగా పోతే విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలనీ చెప్పింది. మొదటి అప్పీలులో ఈ తీర్పు పేరు రాసి, ‘ఫైలు కనబడకుండా పోయిందని లిఖితపూర్వకంగా ధ్రువీకరించండి’ అని అడగండి. ఆ సంతకం పెట్టే బదులు ఫైలు వెతకడమే తేలికని చాలాచోట్ల తేలుతుంది.

ఇక పక్కింటి సంగతి. పన్ను న్యాయంగా ఉందో లేదో ఒక్క ఇంటి కాగితంతో తేలదు. అదే వీధిలో, అదే కాలంలో, అదే కొలతతో కట్టిన ఇళ్లకు ఎంత వేశారో చూడాలి. ఇది అడిగితే వెంటనే ‘మూడో వ్యక్తి సమాచారం’ అంటారు. ఒకప్పుడు సెక్షన్ 8(1)(జె)లో, ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, లేదా మనిషి గోప్యతలోకి అనవసరంగా చొరబడే వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని మార్చింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన ఆ సవరణతో షరతులన్నీ పోయి, వ్యక్తిగత సమాచారమైతే చాలు, నిరాకరించవచ్చన్నట్టు తయారైంది. ఈ సవరణ పౌరుడికి నష్టం చేసిందనే నా అభిప్రాయం. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉంది. ఇవ్వకూడని భాగాన్ని చెరిపేసి మిగతాది ఇవ్వాలనే సెక్షన్ 10 కూడా ఉంది.

కాబట్టి పేర్లు అడగకండి. ‘ఫలానా వీధిలో ఫలానా డోర్ నంబర్ల మధ్య ఉన్న నివాస గృహాలకు, యజమానుల పేర్లు తీసేసి, విస్తీర్ణం, కట్టడం రకం, వయసు, వాడకం, వేసిన రేటు, వార్షిక పన్ను’ అని అడగండి. విస్తీర్ణం గోడలది, రేటు జోన్‌ది. వీటిలో మనిషి గుట్టు ఏముంది? పైగా పురపాలక శాఖ చెల్లింపుల వెబ్‌సైట్‌లో డోర్ నంబరు కొట్టి వెతికితే, ఎవరైనా సరే, ఎవరి ఇంటికైనా సరే, యజమాని పేరూ కట్టాల్సిన బకాయీ కనబడతాయి. పేరూ బకాయీ లోకానికంతా చూపిస్తూ, చదరపు అడుగులు మాత్రం గోప్యమంటే ఎలా కుదురుతుంది? ఆ పేజీ ప్రింటు తీసి అప్పీలుకు జతచేయండి.

ఒక హెచ్చరిక. సమాచారం వచ్చేదాకా అభ్యంతరం ఆపుకుని కూర్చోకండి. స్పెషల్ నోటీసులో రివిజన్ పిటిషన్‌కు గడువు రాసి ఉంటుంది. సమాచార హక్కుకు ముప్పయి రోజులు, మొదటి అప్పీలుకు ఇంకో ముప్పయి నుంచి నలభై అయిదు రోజులు. ఈలోగా రివిజన్ గడువు దాటిపోతే కాగితాలు చేతికొచ్చినా వాటితో చేసేదేమీ మిగలదు. ముందు పిటిషన్ వేసేయండి. అందులోనే ‘లెక్క కాగితం నాకు ఇవ్వలేదు, విచారణకు ముందు దాన్ని ఇప్పించండి’ అని రాయండి. ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్లకు దాని కారణాలు చెప్పాలని సెక్షన్ 4(1)(డి) అంటుంది, దాన్నీ ఉదహరించండి. పన్ను ఆపేయడం కూడా మంచిది కాదు. బకాయి మీద నెలకు 2 శాతం పడుతుంది. అభ్యంతరంతో కడుతున్నట్టు ఒక ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకుని కట్టడం మేలు.

ముప్పయి రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అసంపూర్తిగా ఉన్నా, మరో ముప్పయి రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆ తర్వాత తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. నిరాకరణ సరైనదని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అధికారిదే. కాగితం మీద ఇవన్నీ బలమైన మాటలు. కానీ తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేని రోజులు నడిచాయి. అప్పుడు రెండో అప్పీలు వేసినవాళ్లు ఎవరి ముందు వాదించుకోవాలి? ఆ ఖాళీలు నింపకపోవడం పౌరుల హక్కును గాలికొదిలేయడమే. ఈ అనుభవం తర్వాత కమిషన్ మీదే ఆశ పెట్టుకోమని ఎవరికీ చెప్పలేను. మొదటి అప్పీలు లోపలే పని జరిగేలా చూసుకోవాలి. దానికి నకళ్ల కన్నా ఫైలు పరిశీలన ఎక్కువ పనికొస్తుంది.

పరిశీలనకు వెళ్లేటప్పుడు రిజిస్టర్డ్ దస్తావేజు, ప్లాను అనుమతి పత్రం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంటే అది, కొలిచే టేపు, కాగితం మీద రాసుకున్న గదుల కొలతలు పట్టుకెళ్లండి. ముందు ఫైలు పేజీ నంబర్లు చూడండి. వరస మధ్యలో 7 తర్వాత 10 వస్తే, ఆ సంగతి అక్కడికక్కడే తెల్లకాగితం మీద రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి. తర్వాత కొలతల స్కెచ్. దాని మీద పొడవు వెడల్పులు రాసి, పక్కన హెచ్చవేత ఉంటుంది. అడుగుల్లో కొలిచారా, మీటర్లలోనా? బాల్కనీ, పార్కింగ్, అపార్ట్‌మెంట్ అయితే ఉమ్మడి మెట్ల వాటా కలిశాయా? కట్టిన ఏడాది గడిలో అనుమతి ఇచ్చిన ఏడాది ఉందా, పన్ను మొదలైన ఏడాది ఉందా? కట్టడం రకం ఎదురుగా ఉన్న గడి ఇంటితో సరిపోతోందా? అనుమతి లేని కట్టడమని పన్నుకు నూరు శాతం దాకా అదనంగా వేసే పద్ధతి ఉంది కాబట్టి, ఆ గడిలో ఏముందో తప్పకుండా చూడాలి. అనుమతి పత్రం ఇచ్చి ఏళ్లయినా అది ఫైల్లో చేరక ఆ జరిమానా కొనసాగుతుంటే, పత్రం నకలు అక్కడే ఇచ్చి రసీదు తీసుకోవాలి.

తప్పు దొరికిన పేజీ నంబరు రాసుకుని, ఆ ఒక్క పేజీకే ధ్రువీకృత నకలు అడగండి. ఫైలు మొత్తం అడిగితే నెల పడుతుంది, ఒక్క పేజీ అయితే రెండు రూపాయలు కట్టించుకుని ఆ రోజే ముద్ర వేసి ఇవ్వగలరు. రివిజన్ పిటిషన్‌కు జతచేయాల్సింది ఆ పేజీయే.